కద్మాలో ఇడ్లీ కోసం

మేముండే ఈ ఉత్తరాది ఊళ్ళో, కద్మా పేటలో మంచి ఇడ్లీ దొరుకుతాదని ఎవరో చెప్తే, ఊరికి ఆ చివరున్న పర్సుడీహ్ నుంచి ఆటో ఎక్కి మరీ వచ్చేను. మా అమ్మాయి హాసిని కూడా వచ్చింది. బోర్డు మీద 'ఆంధ్రా టిఫిన్' అని చూసి సంబరంగా దూరితే, గల్లా పెట్టె దగ్గర మిశ్రాజీ అని ఓ హిందీ ఆయన కూర్చున్నాడు. సాంబారు నోట్లో పడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది సాంబారా, పానకమా? మా అమ్మ చేసినట్టు ఒక్కటీ లేదు!" అని సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

"ఛోడో నా, మమ్మీ," అంటూ హాసిని నన్ను ఎదురుగా ఉన్న లిట్టీ బండికి లాక్కెళ్ళింది. బండి ముసలాయన సత్తుపిండి కూరి బొగ్గుల మీద కాల్చిన గోధుమ ఉండ, అదే లిట్టీని, నేతిలో ముంచి, చోఖా అనే కాల్చిన వంకాయ పచ్చడితో ఇచ్చేడు. తిన్నాను. ఇంకోటి అడిగేను.

"బహుత్ బఢియా, భయ్యా!" అని నాకొచ్చిన హిందీలో మెచ్చుకున్నాను.

"మీది టెక్కలి వైపా, అమ్మా?" అన్నాడాయన తెలుగులో.

తెల్లబోయేను. "మనోడివై ఉండి, ఇడ్లీ ఎట్టకుండా ఈ లిట్టీలేటి బాబూ?"

"ముందు ఇడ్లీయే ఎట్టేనమ్మా. మిశ్రాజీకి అమ్మేసిన ఆ కొట్టు నాదే. వచ్చిన మనోళ్ళందరూ, మా అమ్మ చేసినట్టు లేదని సగంలోనే చెయ్యి కడిగేసుకునీవోరు. లిట్టీకి ఆ బాధ లేదు. మీ అమ్మలెవరికీ లిట్టీ చెయ్యడం రాదు కదా!"