ఊరగాయ పెట్టిన ఉదయం

సకాతా రేవు మీది గాలికి తోగాషి లారీ సర్వీసు ఆఫీసు తలుపు ఆ ఉదయం కూడా టపటపా కొట్టుకుంటోంది. దానికో గడియ పెట్టించాలని సెత్సుకో ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉంది. ఇక పెట్టించేది తనో, పరాయివాళ్లో, అసలు ఎవరూ పెట్టించరో ఇవాళ తేలిపోతుంది.

తండ్రి పెట్టి, ఇప్పుడు తను నడుపుతున్న ఈ కంపెనీని సెండాయ్‌లోని ఒక పెద్ద సంస్థ కొంటానంటోంది. డ్రైవర్ల పని గంటలకు చట్టం హద్దు పెట్టాక, ఒకరు వెళ్లే దూరానికి ఇద్దరు కావలసి వస్తున్నారు. ఆ రెండో మనిషి ఎక్కడా దొరకడు. డీజిల్ ఎంత పెరిగినా సరుకు పంపేవాళ్లు కిరాయి పెంచరు. ఒంటరిగా ఇంకో చలికాలం గట్టెక్కలేనని సెత్సుకోకి తెలుసు. కొనేవాళ్లకు కావలసింది పాత లారీలు కాదు, వాటిని నడిపే మనుషులు. అందరికన్నా ముందు హొంమా. తండ్రి కాలం నుంచీ ఉన్న ఆ ముసలాయన రానంటే మిగతావాళ్లూ రారు. వాళ్లు రాకపోతే బేరం లేదు, వసంతానికి గేటుకి తాళం.

హొంమా ఔననలేదు, కాదనలేదు. ఆ మాట ఎత్తినప్పుడల్లా టైర్లు చూసుకోవాలంటూ లేచిపోయేవాడు. అతని మౌనం మీద సెత్సుకోకి కోపం వచ్చేది. ఆ కోపం వెనక ఏదో చిన్న ఊరట కూడా ఉండేది. దాన్ని మాత్రం ఆమె ఎప్పుడూ తిరిగి చూసుకోలేదు.

కొనే సంస్థ మనిషి కుజిరాయ్ తెల్లవారేసరికే కారు నడుపుకుంటూ వచ్చాడు. ఉదయం హాజరు ఎలా జరుగుతుందో చూడాలట. బండి కదిలే ముందు ప్రతి డ్రైవరూ సెత్సుకో ఎదుట నిలబడాలి. మద్యం వాసన పట్టే పరికరంలోకి ఊదాలి. దారీ సరుకూ చెప్పాలి. ఆమె ముఖం చూసి, రాత్రి నిద్ర సంగతి అడిగి, తాళం చేతికిస్తుంది. పెద్ద సంస్థలో ఈ పనంతా గోడకు తగిలించిన తెర చూసుకుంటుందని ఆమె విని ఉంది.

అతిథి వచ్చాడని సెత్సుకో అన్నం ముద్దలు చేసి తెచ్చింది. అందరూ తిన్నారు, కుజిరాయ్ కూడా రెండు తిన్నాడు. తర్వాత వరసలో మొదట నిలబడిన అయానో పరికరంలోకి ఊదింది.

ఎర్రదీపం వెలిగింది.

అయానో బిత్తరపోయింది. నిన్న సాయంత్రం టీ తప్ప ఏమీ ముట్టలేదంది. ఆమె వెనకవాడు ఊదాడు, మళ్లీ ఎరుపే. హొంమా ఊదాడు, అదీ ఎరుపే.

"అక్కా, ముద్దలో ఏం పెట్టావు?" అంది అయానో, నోరు తడుముకుంటూ.

సెత్సుకో మిగిలిన ముద్దొకటి విప్పి చూసింది. సాకే అనే బియ్యపు సారా తీయగా మిగిలిన పిప్పిలో ఊరిన దోసకాయ ముక్కలు. ఆ ఊరగాయ తింటే నోట్లో మద్యం నిలుస్తుందని, బండి ఎక్కే రోజున దాన్ని ఈ గేటు దాటి లోపలికి తేకూడదని నియమం పెట్టింది తనే. రాత్రి జాడీ మూత తీసిన చెయ్యి తనదే. సన్నగా తరిగిందీ తనే. ఆ చేతులు పని చేస్తుంటే మనసు మాత్రం అతిథి మర్యాద గురించే ఆలోచించింది. పొరపాటు అనుకుంటే సరిపోయేది. కానీ ఇంత చక్కగా కుదిరిన పొరపాటును నమ్మడానికి ఆమెకు సిగ్గేసింది.

కుజిరాయ్ చేతి గడియారం చూసుకున్నాడు. నోళ్లు పుక్కిలించి, కాసేపు ఆగి మళ్లీ ఊదమన్నాడు. అందాకా బండ్లు కదలవు. సెత్సుకో సరుకు కోసం ఎదురుచూసే పియర్ పండ్ల మండీకి ఆలస్యమవుతుందని చెప్పాలని ఫోను వైపు వెళ్లింది. ఆలస్యమైన ప్రతిసారీ ఒంటరిగా తల వంచి మాటలు పడిన ఫోను అది. కుజిరాయ్ ముందే ఎత్తాడు. మండీవాళ్ల తిట్లు తనే విన్నాడు, తనే క్షమాపణ చెప్పాడు. తర్వాత తమ త్సురుఓకా డిపోకి ఫోను చేసి, తొందరగా చేరాల్సిన సగం సరుకు ఎత్తడానికి ఒక బండి పంపమన్నాడు. తన బదులు ఇంకొకరు తల వంచడం సెత్సుకో ఎన్నడూ చూడలేదు. భుజాలు తేలికపడ్డాయి. అవి ఇన్నాళ్లూ బిగుసుకుని ఉన్నాయని అప్పుడే తెలిసింది.

చాలా కాలానికి డ్రైవర్లంతా ఒకచోట కూర్చున్నారు. ఊరగాయ బాగా ఊరిందని ఒకడు మెచ్చుకున్నాడు. ఉద్యోగాలు పోయినా రుచి మిగిలిందని అయానో ఎత్తిపొడిచింది. హొంమా నవ్వలేదు.

"మొదటి ముద్దకే తెలిసింది నాకు," అన్నాడు.

"మరి ఎందుకు తిన్నారు, హొంమా సాన్?" అంది సెత్సుకో.

"నువ్వెందుకు పెట్టావు, సెచ్చాన్?"

చిన్నప్పటి పిలుపు. పదిమందిలో అతను అలా పిలిచి చాలా ఏళ్లయింది. బేరం వద్దని నోరు తెరిచి చెప్పలేక ఇద్దరూ ఒకే దోసకాయ ముక్క చాటున దాక్కున్నారని ఆమెకు అర్థమైంది. నవ్వు వచ్చింది. ఈసారి అతనూ నవ్వాడు.

తర్వాత హొంమా కుజిరాయ్ వైపు తిరిగాడు. "బండి మీద ఏ పేరు రాసుకున్నా నాకేం కాదు. కానీ తెర ముందు నిలబడి ఊదను. పొద్దున్నే నా మొహం ఈమె చూడాలి. అలా అయితే వస్తాను."

కుజిరాయ్ వెంటనే మాట ఇవ్వలేదు. పైవాళ్లు ఖర్చంటారు, వాదించాల్సి ఉంటుందన్నాడు. "మనుషుల కోసమే కొంటున్నాం కదా. ఒప్పందంలో రాయిస్తాను. రాయనంటే మీరు సంతకం పెట్టకండి, ప్రెసిడెంట్ గారూ."

"రాస్తే పెడతాను," అంది సెత్సుకో.

రెండోసారి అందరికీ పచ్చదీపమే. ఒక్కొక్కరి ముఖం చూసి తాళాలిచ్చింది. "క్షేమంగా," అంది. "క్షేమంగా," అంటూ వాళ్లు వెళ్లారు. చివరి బండి మలుపు తిరిగాక కుజిరాయ్ జేబులోంచి కారు తాళాలు తీశాడు.

సెత్సుకో పరికరం అతని ముందుకు చాపింది. "మీరూ తిన్నారుగా."

అతను తడబడి, బుద్ధిగా నిటారుగా నిలబడి ఊదాడు. పచ్చదీపం. కొండల మీదుగా సెండాయ్ అని దారి చెప్పాడు. ఆమె తాళాలవైపు చూడలేదు, అతని కళ్లలోకి చూసింది. ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి పడుకున్నారా?"

"లేదండీ," అన్నాడు, పట్టుబడినట్టు.

"అయితే తాళాలు ఇలా ఇవ్వండి."

హొంమా కుర్చీలో అతను క్షణాల్లో నిద్రపోయాడు. తలుపు మళ్లీ టపటపా కొట్టుకుంది. సెత్సుకో పండ్ల అట్టపెట్టె ముక్క చింపి, మడిచి, తలుపు కింద దోపింది.