ఉద్వాసన చెప్పని బంతి

ఆదివారం డ్యూటీ లేకపోతే మత్తు డాక్టర్ ప్రభావతి పప్పు తాలింపు వేస్తూ మ్యాచ్ వినేది. రేడియోలో కాదు. ముందుగదిలో దేవుడి అలమర కింద, పీట మీద ఒక పాత బంతి ఉండేది. సముద్రానికి అటువైపు ఏ ఊళ్ళోనో ఆమె కూతురు బిందుమాధవి బాస్కెట్‌బాల్ కోర్టులో పరిగెత్తితే, మాంచెస్టర్‌లో ఆ బంతి అడుగుకో దెబ్బ చొప్పున ఎగిరేది. కోచ్ బిందుని బెంచీ మీద కూర్చోబెడితే బంతీ పీటెక్కి కూర్చునేది.

గోడకి అటుపక్క ఉండే మార్గరెట్ మొదట్లో చప్పుడు భరించలేక కౌన్సిల్‌కి ఉత్తరం రాసింది. కౌన్సిల్ మనిషి వచ్చి, బంతి ఎగరడం చూసి, మందపాటి కార్పెట్ వేసుకోమని చెప్పి, టీ తాగి వెళ్ళాడు. పోనుపోనూ మార్గరెటే గోడ తట్టి అడగడం మొదలెట్టింది: "గెలిచిందా?"

తప్పు ప్రభావతిదే. 1998 దసరాకి ఆయుధపూజ చేస్తూ తన స్టెతస్కోపు, మొగుడు రాజ్‌కిరణ్ కీబోర్డు, పదిహేడేళ్ళ కూతురి బంతి, అన్నీ పీట మీద పెట్టి బొట్లు పెట్టింది. మర్నాడు పొద్దున్నే బర్మింగ్‌హామ్‌లో సెలక్షన్లు.

"అమ్మా, బంతి!"

"పూజలో ఉంది, ముట్టుకోకు. ఉద్వాసన చెప్పాకే తియ్యాలి. అక్కడ బంతులుండవా ఏంటి?"

పిల్ల ఖాళీ చేతులతో రైలెక్కింది. అంతలో హాస్పిటల్ నుంచి ఫోనొస్తే ప్రభావతి కూడా పరిగెత్తింది. స్టెతస్కోపు లాక్కుపోయింది గాని ఉద్వాసన మాట మరిచిపోయింది. ఆ మధ్యాహ్నమే బంతి మొదటిసారి లేచింది. బిందు సెలెక్టయిన సంగతి ఫోన్ రాకముందే ఇంట్లో తెలిసిపోయింది.

తర్వాత హంగరీ, ఇటలీ, ఫ్రాన్స్, పోలండ్. ఏడాదికో కాంట్రాక్టు, ఏడాదికో ఫ్లాట్. గోడకి మేకు కొట్టేలోపే సీజన్ అయిపోయేది. మగవాళ్ళ టీముకి విమానం, వీళ్ళకి స్కూలుపిల్లల బస్సు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఐదారు గంటలు కూర్చుని, దిగీ దిగగానే ఆడాలి. సెలవుల్లో ఇంటికొస్తే నిలవలేకపోయేది. మెట్లెక్కేది, దిగేది, ఫ్రిజ్ తెరిచేది, మూసేది.

ఒకసారి ఎవరిదో పుట్టినరోజులో సుభద్ర ఆంటీ అడిగింది, "ఎన్నాళ్ళమ్మా ఈ తిరుగుడు?"

"మీ అబ్బాయి శ్రీకర్ నాలుగు కంపెనీలు మారితే కెరీర్. నేను నాలుగు క్లబ్బులు మారితే తిరుగుడా ఆంటీ?"

ఆంటీ ప్లేటులోని బజ్జీ వైపు తిరిగిపోయింది.

2008 మార్చిలో బంతి కుంటడం మొదలెట్టింది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా. ప్రభావతి స్టవ్ కట్టేసి పోలండ్‌కి ఫోన్ చేసింది.

"ఎడమ మోకాలేనా?"

"అబ్బా, అది చెప్పేసిందా! ఏం లేదమ్మా. క్లబ్ డాక్టర్ మ్యాచ్‌కి ముందు ఇంజెక్షన్ ఇస్తున్నాడు. నొప్పే తెలీట్లేదు."

"నొప్పి తెలీకుండా చెయ్యడమే కదే నా ఉద్యోగం! కాని నేను మనిషిని పడుకోబెట్టి చేస్తాను, పరిగెత్తించి కాదు. ముందు స్కాన్ తీయించు."

"ఆదివారం స్పెయిన్ క్లబ్బువాళ్ళు నన్ను చూడ్డానికొస్తున్నారు. రెండేళ్ళ కాంట్రాక్టు, అమ్మా! ఒకే ఊళ్ళో రెండు ఉగాదులు. ఈ ఒక్క మ్యాచ్ ఆడనీ. అంతగా వినలేకపోతే ఆ బంతికి ఉద్వాసన చెప్పెయ్."

"నేను చెవులు మూసుకుంటే నీ కాలు బాగవుతుందా?"

ఫోన్ కట్టయింది.

ఆదివారం మూడో క్వార్టర్‌కి మెత్తటి దెబ్బ దాదాపు వినపడ్డం మానేసింది. ప్రభావతి ముందుగదిలోకి వచ్చి, పదేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. ఎగిరే బంతిని రెండు చేతులా పట్టుకుని ఒళ్ళో అదుముకుంది. అది చేపలా గిలగిల్లాడింది.

"అది బిందు ఆట, ప్రభా. వదులు," అన్నాడు రాజ్‌కిరణ్.

"తెలుసు," అంది. వదల్లేదు.

పోలండ్‌లో బిందు బుట్ట కింద చేతులెత్తింది గాని బూట్లు నేల వదల్లేదు. మళ్ళీ ప్రయత్నించింది. కోచ్ అరిచి అరిచి బయటికి పిలిచాడు. స్పెయిన్ వాళ్ళు నోటుబుక్కులు మూసుకున్నారు.

నాలుగోరోజున మాంచెస్టర్‌లో స్కాన్ తీశారు. లిగమెంటు పీచులా వేలాడుతోందనీ, ఇంకొక్కసారి ఎగిరి దిగి ఉంటే ఆ కాలు మళ్ళీ ఆటకి పనికొచ్చేది కాదనీ సర్జన్ చెప్పాడు. బూట్లు నేల వదలనప్పుడే అది అమ్మ పనేనని బిందుకి తెలిసిపోయింది; సర్జన్ మాట విన్నాక కూడా చల్లారలేదు.

"నా ఆటని పట్టుకునే హక్కు నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. అడక్కుండా పట్టుకున్నాను, తప్పే. ఇప్పుడు ఉద్వాసన చెప్పమంటే చెప్తాను. ఇంక వినను, పట్టుకోను. నీ ఇష్టం."

ఆపరేషనైంది. వేసవంతా బిందు చంకకర్రలతో ముందుగదికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది. కర్ర చప్పుడైనప్పుడల్లా బంతి పీట మీద వణికేది గాని లేచేది కాదు. తుడిచేటప్పుడు ఎవరూ దాన్ని జరపలేదు. ఉద్వాసన మాట ఎవరూ ఎత్తలేదు.

డిసెంబరులో సర్జన్ సరేనన్నాక బిందు బూట్లు కట్టుకుని ఒక్కతే పార్కుకి వెళ్ళింది. కాసేపటికి ముందుగదిలో ధబ్. మళ్ళీ ధబ్. ప్రభావతి తడిచేతులతో వచ్చి కార్పెట్ మీద కూర్చుంది. ఫోన్ మోగింది.

"అమ్మా," బిందు రొప్పుతోంది. "నాకైతే బానే ఉంది. నీకెలా వినపడుతోంది?"

పదేళ్ళలో ఆ పిల్ల ఆ మాట అడగడం అదే మొదలు. ప్రభావతి కళ్ళు మూసుకుని విన్నది. అబద్ధం చెప్పాలనిపించింది.

"ఎడమది ఇంకా కాస్త మెత్తగా పడుతోందే."

బంతి ఇంకో రెండుసార్లు లేచింది. ఆగింది. దొర్లుకుంటూ వచ్చి, ఏ కోచ్ పిలవకుండానే, పీటెక్కి కూర్చుంది.

మార్గరెట్ గోడ తట్టింది. "గెలిచిందా?"

"గెలిచింది," అంది ప్రభావతి.