పెరటిలో ఒక నిమిషం

సంచికల కట్టకు తాడు బిగించి, ముడిని పళ్లతో లాగి, పెద్దాయన నడుం నిమురుకున్నాడు. భూభౌతిక శాస్త్రవేత్తల సంఘంలో ముప్ఫై ఏళ్లుగా అటెండరు. నేలలో నీళ్లెక్కడున్నాయో, రాయెక్కడుందో తవ్వకుండా చెప్పే మహానుభావుల సంఘం అది. వాళ్ల పత్రికను నెలనెలా సభ్యులకు పోస్టు చేసేది ఆయనే. అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "పాతాళంలో ఏముందో చెప్పే ఆఫీసులో పని, ఇంట్లో చెప్పులెక్కడున్నాయో మాత్రం నన్నడగాలి!" అని భార్య దెప్పుతుంది.

ఇవాళ ఆఖరి రోజు. సన్మానాల మీద ఆయనకు మోజు లేదు. ఈ చదువుకున్నవాళ్లు నేలకు చెవి ఒగ్గి వినేదేమిటో ఒక్కసారి చూసి వెళ్లాలని మాత్రం మనసు లాగుతోంది. అడగడానికే నోరు రాదు.

పెరటిలో విద్యార్థులకు ప్రదర్శన జరుగుతోంది. నేల అదురును పసిగట్టేందుకు వరసగా గుచ్చిన చిన్న పరికరాలు, వాటినుంచి యంత్రానికి తీగలు, ఒక ఇనుప పలక, సమ్మెట. పలకను కొట్టే ముందు నేల ప్రశాంతంగా ఉందో లేదో యంత్రం ఒక నిమిషంపాటు కాగితం మీద గీస్తుంది. ఆ నిమిషం ఎవరూ కాలు కదపకూడదు. సంఘం అధ్యక్షురాలు చెయ్యెత్తింది. అందరూ బిగుసుకుపోయారు. సరిగ్గా అప్పుడే, టీ తొణక్కుండా చూపంతా పళ్లెం మీదే పెట్టి, పెద్దాయన తీగల పక్కగా ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు.

"అయ్యో, పాడైపోయింది!" యంత్రం దగ్గరున్న అమ్మాయి అరిచింది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఒక్క మాట పడలేదు, పోతూ పోతూ ఈ నిర్వాకమా!

"తప్పయిపోయిందమ్మా, చూసుకోలేదు."

అధ్యక్షురాలు యంత్రంలోంచి కాగితం తీసి చూసి నవ్వేసింది. "ఇటు రండి పెద్దాయనా. ఇదిగో, ఒక అడుగు గట్టిగా, ఒకటి మెల్లగా. ఎడమకాలు ఈడ్చేది ఇక్కడ మీరొక్కరే కదా?"

ఆయన వంగి చూశాడు. బొడిపెలు బొడిపెలుగా గీత. "ఇది నా నడకా?"

"మీదే. ఎంత మెల్లగా నడిచినా నేలకి తెలుస్తుంది. ఇన్నాళ్లూ మేం వింటున్నది ఇదే."

పెద్దాయన ఆ గీత వెంట ఈ చివరనుంచి ఆ చివరకు వేలు జరిపాడు. "మరి... సమ్మెట దెబ్బ నేను వెయ్యొచ్చా అమ్మా?" అని అడిగేశాడు. ముప్ఫై ఏళ్ల మొహమాటం అంతటితో వదిలింది. ఆయన సమ్మెట ఎత్తినప్పుడు, టీ పళ్లెం పట్టుకుని కదలకుండా నిలబడింది అధ్యక్షురాలు.

సాయంత్రం తాళాలగుత్తి అప్పగించి గేటు దాటాడు. భార్యకు ఈ కథ ఎక్కడ మొదలుపెట్టాలా అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆయన నడక గీసిన కాగితం మాత్రం సంఘం నోటీసు బోర్డు మీద ఉండిపోయింది. పాడైన రికార్డు అంచున 'రద్దు' అని రాయడం సంఘంలో ఆనవాయితీ. ఆ అమ్మాయి అక్కడ 'పెద్దాయన, టీ తెస్తూ' అని రాసి, కింద తేదీ వేసింది.