తిమ్మమ్మ పొట్టేలుకు గోనెపట్ట

తెల్ల పొట్టేలుకూ తెల్ల గొర్రెకూ బొగ్గులాంటి పిల్ల పుట్టేసరికి బేరిగై ఊళ్ళో నంజప్పకు ఒళ్ళు మండిపోయింది. పిల్లను చంకలో ఇరికించుకుని పక్కింటి తిమ్మమ్మ దొడ్లోకి దూసుకుపోయాడు. ఆ వీధి మొత్తానికి నల్ల పొట్టేలు ఉన్నది ఆమెకే.

"నీ పొట్టేలు చేసిన ఘనకార్యం చూడమ్మా!"

"అది యాడ చేసిందప్పా? నీ మంద తెల్లగా ఉండాలని దానికి గోనెపట్ట కట్టింది నువ్వే కదా! ఆరు నెల్లుగా విప్పితే ఒట్టు."

నిజమే. గొర్రెల మీదికి ఎక్కకుండా పొట్టేలు పొట్ట కింద వేలాడే ఆ పట్టను నంజప్పే కట్టాడు. వంగి ముడి తడిమి చూశాడు. తన ముడే. అయినా తగ్గలేదు.

"అదే విప్పుకోని, మళ్ళా అదే కట్టుకోనుంటుంది!"

ప్లస్ టూ చదివే అతని మనవరాలు రంజిత నవ్వాపుకోలేక గోడవతల నుంచి అరిచింది. "తాతా, ప్రతి గొర్రెకూ రంగు చీటీలు రెండుంటాయి. తల్లిచ్చింది ఒకటి, తండ్రిచ్చింది ఒకటి. తెల్ల చీటీ ఒక్కటున్నా నల్లది నోరెత్తదు. మన తెల్లవి రెండూ లోపల చెరొక నల్ల చీటీ దాచుకోనుండాయి. ఈ పిల్లకు ఆ నల్లవి రెండూ వచ్చినాయి, అంతే."

నంజప్ప గోడ మీదుగా తన తెల్ల పొట్టేలు వైపు గుడ్లురిమి చూశాడు. అది తాపీగా నెమరు వేస్తోంది.

తిమ్మమ్మ తన పొట్టేలుకున్న పట్ట విప్పింది. నేరుగా నంజప్ప దొడ్లోకి పోయి, తెల్ల పొట్టేలు నడుముకు బిగించి కట్టింది.

"ఇన్నాళ్ళూ మాది కట్టుకునిందప్పా," అంది. "ఇంక దొంగను కట్టుకోనీ."