కిటికీ లేని ఇంట్లో పురుడు

మా చుట్టల ఫ్యాక్టరీలో పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. హాలు మధ్యలో ఎత్తు పీట మీద కూర్చుని ఎలీజియో గారు చదువుతారు, మేం వింటూ చుట్టలు చుడతాం. ఆయన్ని పెట్టుకున్నది యజమాని కాదు, మేమే. ఏ నవల చదవాలో చేతులెత్తి తేల్చుకునేదీ మేమే. చదివింది నచ్చితే ఆకు కోసే కత్తితో బల్ల మీద టకటకలాడిస్తాం. నచ్చకపోతే ఆ కత్తిని నేలకేసి కొడతాం. ఎలీజియో గారికి ముందున్నాయన, ఏడుపు మరీ ఎక్కువైందని రెండు పేజీలు చదవకుండా మింగేశాడు. సంగతి బయటపడిన రోజు హాలు నిండా కత్తులు రాలాయి. ఆయనిప్పుడు సంతలో జామ మిఠాయి అమ్ముకుంటున్నాడు.

నా పక్క బల్ల నీవెస్‌ది. దానికి నెలలు నిండుతున్న రోజులవి. అంతకుముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. మేం చదివించుకుంటున్న నవలలో నాయిక కసిల్దాకూ అదే రాత. ఉప్పు మళ్ల పక్కన, ఉప్పుగాలికి జడిసి కిటికీ కూడా పెట్టని ఇల్లు, నోరు విప్పని మొగుడు, నిలవని బిడ్డలు. కసిల్దా మళ్లీ నెల తప్పిందని చదివిన రోజే నీవెస్ తన సంగతీ నా చెవిన వేసింది. ఇక చూడండి, కసిల్దాకి కాళ్లు వాస్తే దీనికీ వాచేవి. కసిల్దా చింతపండు నీళ్లు తాగితే దీనికీ నోరూరేది. అంతా బాగానే ఉందని డాక్టరమ్మ చెబితే మాత్రం నమ్మేది కాదు.

"కసిల్దా బిడ్డ కేరుమంటే చాలక్కా, నా బిడ్డా అంటుంది," అనేది.

"కసిల్దా కాగితం మీద మనిషే. నీ కడుపులో ఉన్నది కాగితమా?"

"అబ్బో, చెప్పొచ్చావులే ఇలారియక్కా. మొన్న మొగుడు ఆమె మీద చెయ్యెత్తితే నువ్వు చుట్ట మీద చుట్టే పై ఆకు పర్రున చింపెయ్యలా?"

చింపాను. బంగారం లాంటి ఆకు. దానికి మేస్త్రీ చేత చీవాట్లు కూడా తిన్నాను.

ఓ రోజు మధ్యాహ్నం కాఫీ దగ్గర ఎలీజియో గారు కప్పు పట్టుకుని నిలబడి ఉన్నారు. కాఫీ చల్లారిపోయినా తాగలేదు. గొంతులు మార్చి చదవాలి కాబట్టి ఆయన మర్నాటి పేజీలు ఇంట్లోనే ఓసారి చూసుకుని వస్తారు.

"ఏంటండీ అలా ఉన్నారు?"

"ఇవాళ పురుడు," అన్నారు. "తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు, ఇలారియా."

నా గుండె జారిపోయింది. ముందు కసిల్దా కోసమే జారింది, అబద్ధమెందుకు. నీవెస్ ఆ తర్వాత గుర్తొచ్చింది.

"దాన్ని ఇంటికి పంపేద్దాం."

"చెప్పి చూశాను. ఇవాళ కసిల్దాకి నొప్పులొచ్చేట్టుంటే నేను ఇంటికెళ్లి పడుకోనా అంది."

"అయితే మార్చి చదవండి. బిడ్డ పుట్టిందనండి. ఎవడికి తెలుస్తుంది?"

"ముందు బల్ల క్రెసెన్సియోకి తెలుసు. ఈ నవల కావాలని అందరిచేతా చేతులెత్తించింది ఎవరనుకున్నావ్? వాడు ముందే చదివాడు. పాతాయన మీద మొదటి కత్తి వేసిందీ వాడే."

"మీ పీట పోతుందని భయమా? అక్కడ దాని ప్రాణం పోయేట్టుంది."

ఆయన చల్లారిన కాఫీ గటగటా తాగేసి పీటెక్కారు.

కసిల్దాకి నొప్పులు మొదలైన దగ్గర్నుంచి హాల్లో ఎవరూ దగ్గలేదు. బయట వాన, మంత్రసాని ఉప్పు మళ్లకి అడ్డం పడి వస్తోంది, మొగుడు గుమ్మంలో నిలబడ్డాడు. నీవెస్ చేతులు ఆగిపోయాయి. ఒక చెయ్యి పొట్ట కింద పెట్టుకుంది. పైపెదవి మీద చెమట. నేను చుడుతున్న చుట్ట వంకర పోతోందని తెలిసినా సరిచెయ్యబుద్ధి కాలేదు.

ఎలీజియో గారు పేజీ తిప్పారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆయన వేలు ఒక వరుస మీద ఆగిపోయింది, నోరు మాత్రం ముందుకు సాగింది.

"అప్పుడు బిడ్డ కేరుమంది. కసిల్దా కళ్లు తెరిచి నవ్వింది. తెల్లవారుజాము వెలుగు గదంతా పరుచుకుంది."

నేను క్రెసెన్సియో వైపు చూశాను. వాడి కత్తి గాల్లో ఉంది. ఎలీజియో గారిని చూశాడు, నీవెస్ పొట్టని చూశాడు. దవడ బిగించాడు. ఆ కత్తి నేల మీద పడిందంటే ఎలీజియో గారి పనీ అయిపోతుంది, నీవెస్‌కి నిజమూ తెలిసిపోతుంది. వాడు తల దించుకుని, కత్తితో బల్ల మీద మెల్లగా కొట్టాడు. తర్వాత హాలంతా టకటకలు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతలో నా పక్కనే ఠంగుమని కత్తి నేల మీద పడింది. నీవెస్‌ది.

టకటకలు ఆగిపోయాయి.

"అది కసిల్దా కాదు," అంది నీవెస్. "ఇన్నాళ్లలో ఒక్కసారి నవ్వని మనిషి ఇప్పుడు నవ్విందా? వెలుగు పరుచుకుందట. ఆ ఇంటికి కిటికీ ఏదండీ?"

"అమ్మా, నువ్వున్న పరిస్థితిలో..."

"నా పరిస్థితి నాకు తెలుసు. ఉన్నది చదవండి, ఎలీజియో గారూ. నా ఇద్దరూ పోయినప్పుడు కూడా మీరంతా ఇంతే. ఏం జరగనట్టు వానల గురించి మాట్లాడారు. ఇప్పుడా గదిలో ఆమె ఒక్కతే చచ్చిపోతుంటే, బల్లలు వాయిస్తున్నారు. నన్నన్నా ఆమె దగ్గర ఉండనివ్వండి."

ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. వానల గురించి మాట్లాడినవాళ్లలో నేనే మొదటిదాన్ని.

ఆయన పేజీ వెనక్కి తిప్పి, ఉన్నది ఉన్నట్టు చదివారు. నీవెస్ నా మణికట్టు పట్టుకుంది. దాని గోళ్లు దిగిన గుర్తులు చాన్నాళ్లున్నాయి. అయిపోయాక ఎవరూ బల్ల కొట్టలేదు, ఎవరూ కత్తి వెయ్యలేదు. నీవెస్ గొంతెత్తి ఏడ్చింది. పోయిన తన బిడ్డల కోసం కూడా అది అలా ఏడవగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ పొట్టతో అది వంగలేదు కదా, కత్తి నేనే తీసి దాని బల్ల మీద పెట్టాను.

సాయంత్రం ఎలీజియో గారు పీట దిగి, రేపట్నుంచి రానన్నారు.

"ఒక్క కత్తేగా పడింది," అన్నాడు క్రెసెన్సియో. "రండి రండి. ఇంకా నాలుగు అధ్యాయాలున్నాయి."

ఆ నవల అయిపోయి తర్వాతిది మొదలుపెట్టిన వారంలో నీవెస్‌కి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. కేరుమనడానికి కాస్త ఆలస్యం చేసింది. ఆ కాసేపట్లో నేను మా చర్చిలోని కరిదాద్ తల్లికి మొక్కిన మొక్కులు తీర్చాలంటే ఇంకో జన్మెత్తాలి.

కసిల్దా అని పేరు పెడతానంటే నాకు మండింది. "పురిట్లో పోయినదాని పేరేంటే? లోకంలో పేర్లు కరువొచ్చాయా?"

నీవెస్ పిల్లని నా ఒళ్లో పెట్టింది.

"ఆ రోజు ఆమె నొప్పుల్లో నేను పక్కనున్నానక్కా," అంది. "నా నొప్పుల్లో ఆమె వచ్చి నా పక్కనుంది."