కాలరు కుట్టేదానికి చరిత్రెందుకట!

బట్టల ఫ్యాక్టరీలో నా పని కాలర్లు కుట్టడం. శనివారం మధ్యాహ్నం మాత్రం యూనివర్సిటీలో పార్ట్ టైం క్లాసు: మన దేశపు సమాజం, సంస్కృతి, చరిత్ర. ఈ వారం తప్పితే హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు. అందుకే ముందే సెలవడిగాను, సరేనన్నారు. తీరా లేచే వేళకి సూపర్‌వైజరు అడ్డం నిలబడ్డాడు.

"దేశం సంగతి నీకెందుకమ్మా? కాలర్ల సంగతి చూడు."

"దేశం తొడుక్కునే చొక్కాకి కాలరు కుట్టేది నేనే కదా సార్. అది ఎవరి మెడకి బిగుస్తోందో తెలుసుకోవద్దా?"

లైనంతా కిసుక్కుమంది. ఆయన మొహం కందగడ్డయింది.

"నువ్వు లేస్తే లైను ఆగుతుంది. ఆగిందో, సోమవారం నుంచి రానక్కర్లేదు!"

జ్వరమొచ్చి ఎవరైనా లేస్తే పక్కవాళ్లు ఆ పని పంచుకోవడం మా దగ్గర అలవాటే. చదువు కోసం మాత్రం ఇంతవరకూ ఎవరూ లేవలేదు. నేను లేచాను.

పక్క మిషను పెద్దమ్మ నా కాలర్ల కట్ట తన ఒళ్లోకి లాక్కుంది. "లైను ఆగదులే సార్," అని నావైపు తిరిగింది. "ఏమే, ఆ పాఠం సోమవారం మాకూ చెప్పాలి. ఆ దేశంలో మేమూ ఉన్నాం."

సూపర్‌వైజరు జరగలేదు. నేనే ఆయన్ని దాటుకుని బయటికి నడిచాను.