మగవాళ్ల వార్డులో స్వప్న

స్వప్నకు కావలసిన ఆపరేషన్ పట్నంలో సర్కారు దవాఖానలోనే చేస్తామన్నారు. కాకపోతే ఆగాలి. మందులు ఒంటికి పడుతున్నాయి. డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది: "తొందరపడకమ్మా. ఇంకో ఏడాది పట్టొచ్చు. మేమే పిలుస్తాం."

స్వప్న ఆగేదే. తనను రాకేశ్ అని పిలిచే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఇంకో ఏడాది ఒక లెక్కా. ఆదిభట్ల కంపెనీలో విమాన భాగాలు తనిఖీ చేసే పని. కంపెనీ బస్సులో ఆడవాళ్ల పక్కన కూర్చున్నా ఇప్పుడెవరూ ఏమీ అనడం లేదు.

ఆగలేనిది బాపు. తండ్రి మల్లేశయ్య ఇబ్రహీంపట్నంలో తలెత్తుకు తిరిగిన రైతు. భూముల ధరలు పెరిగాక ఆయన్ని పలకరించేవాళ్లూ పెరిగారు. కొడుకు ఆడదాన్నన్నప్పుడు ఆయన కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడ్డం మానేశాడంతే. చాన్నాళ్లకు ఒక పొద్దున, స్వప్న డ్యూటీకి తయారవుతుంటే వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"సర్కారు దవాఖానకు పోకు. మనూరోళ్లు సగంమంది ఆడనే ఉంటరు. ఎవలదన్న కంట్ల పడ్తవ్."

"ఆడ మంచిగ చూస్తున్నరు బాపు."

"ప్రైవేటుల జేపిస్త. జల్ది అయిపోతది, ఎవలకు ఎరుక గాదు. నీకు గావాల్సింది గదే గద?"

నీకు కావాల్సింది అనే మాట బాపు నోట రావడం అదే మొదలు. స్వప్న సరేనంది. అది ప్రేమో పరువో తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

కొత్త కాలనీలో అద్దాల ఆస్పత్రి. అక్కడి డాక్టరు పాత కాగితాలు చూడనే లేదు, వచ్చే వారమే చేసేద్దామన్నాడు. చేశాడు. జ్వరమొస్తే మామూలే అన్నారు. నెత్తురు ఆగకపోతే కట్టు మార్చారు. చీము ఒళ్లంతా పాకిందని తేలాక అంబులెన్స్ పిలిచి, సర్కారు దవాఖానకు తీసుకుపొమ్మన్నారు.

ప్రాణం దక్కింది. మూత్రానికి పొట్ట పక్కన గొట్టం పెట్టారు. ఆధార్‌లో రాకేశ్ అని ఉంది కనుక మగవాళ్ల వార్డులో మంచమిచ్చారు. పాత డాక్టరమ్మ వచ్చి పుండు చూసింది. దెప్పలేదు. "గొట్టం ఎప్పుడు తీస్తామో ఇప్పుడే చెప్పలేనమ్మా" అని మాత్రం అంది.

పక్క మంచంలో తమ ఊరి సంతోషమ్మ భర్త, అతని కాళ్ల దగ్గర సంతోషమ్మ.

"మల్లేశన్నా, గీడున్నవేంది?" అందామె.

"కొడుకు. బైకు మీదికెళ్లి పడ్డడు."

స్వప్న దిండు మీది పొడుగాటి జుట్టు వైపు చూసింది సంతోషమ్మ.

"బాపూ," అంది స్వప్న మెల్లగా, "ఆడోళ్ల వార్డుకు మార్వమని అడుగు."

మల్లేశయ్య నర్సు బల్లదాకా పోయి, కాసేపు నిలబడి, తిరిగొచ్చాడు. ఏమీ అడగలేదని స్వప్నకు కనపడుతూనే ఉంది. నర్సు కట్టు మార్చడానికి వచ్చినప్పుడు తనే అడిగింది.

"అక్కా, నా పేరు స్వప్న. నన్ను ఆడోళ్ల వార్డుల ఎయ్యుండ్రి."

"జాగ లేదమ్మా. ఉన్నా పెద్దసారు రాయాలె. జరసేపాగు, పరదా తెస్త."

తెచ్చి మంచం చుట్టూ కట్టింది. స్వప్న కళ్లు మూసుకుంది. పరదాకు అవతల, బైకు ఏ మలుపులో జారిందో బాపు సంతోషమ్మకు చెబుతున్నాడు.